అడవికీ ఒక గుమ్మం ఉంటుంది

చలికాలం ప్రవేశించగానే అనకాపల్లి, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాల చూపు కొండలవైపు మళ్లుతుంది. శనివారం సాయంత్రం బయలుదేరిన వాహనాలు నర్సీపట్నం దాటి, ఘాట్ రోడ్డెక్కి లంబసింగి చేరుకుంటాయి. మరికొన్ని పాడేరు దారిలో వంజంగి కొండకు సాగిపోతాయి. తెల్లవారుజామున లోయ నిండా పాలసముద్రంలా పరచుకున్న మేఘాలను చూడాలన్న ఆశతో భార్యాభర్తలు, పిల్లలు, మిత్రబృందాలు చలిలో వణుకుతూ డేరాలలో రాత్రి గడుపుతారు. మరునాడు మధ్యాహ్నానికి డేరాలు మడతపడతాయి, వాహనాలు కొండ దిగుతాయి. వెనుక మిగిలేవి నెగడు బూడిద, ప్లాస్టిక్ సీసాలు, చాక్లెట్ కాగితాలు.

సృష్టిలోని అందాన్ని కన్నులారా చూడాలన్న కోరిక మంచిదే. ప్రయాణం మనిషి గర్వాన్ని తగ్గిస్తుంది, చూపును విశాలం చేస్తుంది, దంపతుల మధ్య మాటకు తీరిక కల్పిస్తుంది. అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. మనం డేరా వేసిన ఆ నేల ఎవరిది? అక్కడ రాత్రి గడపడానికి మనం ఎవరిని అడిగాము? ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే డేరాలలో బతకడాన్ని ఒక జీవన విధానంగా మలచుకున్న ఉత్తర అమెరికా వైపు ఒకసారి చూడాలి. ఆ తరువాత, మన తెలుగు అడవులలోనే ఏళ్ల తరబడి మకాం వేసిన ఒక జంట కథను తెలుసుకోవాలి.

గుడారంలో సంసారం

అమెరికా, కెనడా దేశాలలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులలో కొందరు ఇంటికి తాళం వేసి, లేదా ఇల్లే అమ్మివేసి, నెలల తరబడి జాతీయ ఉద్యానవనాలలో తిరుగుతూ ఉంటారు. కొందరు గుడ్డ గుడారంతో, మరికొందరు వంటగది, పడకలు అమర్చిన వాహనంతో ప్రయాణిస్తారు. ఎండాకాలంలో ఉత్తరాన ఉన్న చల్లని కొండలకు, చలికాలంలో దక్షిణాన ఉన్న ఎడారులకు వారి మకాం మారుతుంది. అనేక ఉద్యానవనాలలో ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి ఉండరాదన్న నియమం ఉంది. గడువు తీరగానే సామాను సర్దుకొని మరో చోటికి కదలవలసిందే.

అక్కడ డేరా వేసేవారికి కట్టుబాట్లు చాలా ఉంటాయి. యోసెమిటీ వంటి చోట్ల ఆహారాన్ని ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప పెట్టెలలో భద్రపరచాలి. నిప్పు నిర్ణీత స్థలంలోనే రాజేయాలి. రాత్రి నిశ్శబ్ద వేళలు పాటించాలి. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకొనిపోవాలి. కొందరు వృద్ధ దంపతులు విడిదికి చెల్లించవలసిన రుసుముకు బదులుగా ఆ విడిది మైదానానికి స్వచ్ఛంద పర్యవేక్షకులుగా పనిచేస్తారు. వచ్చినవారికి దారి చూపడం, పరిశుభ్రతను కనిపెట్టుకొని ఉండడం వారి బాధ్యత.

చిన్న గుడారంలో సంసారం చేయడం దాంపత్యానికి పరీక్షే. కోపం వచ్చినప్పుడు వెళ్లి కూర్చోవడానికి మరో గది ఉండదు. నీరు మోయడం, వంట చేయడం, వాన వస్తే గుడ్డ బిగించడం వంటి పనులను ఇద్దరూ పంచుకోక తప్పదు. ‘ఇది ఆడవారి పని, అది మగవారి పని’ అన్న గీత రెండో రోజుకే చెరిగిపోతుంది. అవసరమైన వస్తువులు ఎంత తక్కువో, పోగుచేసుకున్నవి ఎంత ఎక్కువో అప్పుడే తెలిసివస్తుంది. ఈ జీవనంలో మనం నేర్చుకోదగిన మేలు ఇంత ఉంది.

ఆ ఉద్యానవనాలు ఎవరి ఇల్లు?

అయితే ఆ పచ్చని చిత్రానికి వెనుకవైపు ఒక చీకటి పుట ఉంది. 1872 మార్చి 1న అమెరికా ప్రభుత్వం ఎల్లోస్టోన్ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. ప్రపంచంలోని జాతీయ ఉద్యానవనాలకు అదే తొలి నమూనాగా చెప్పుకుంటారు. మనిషి అడుగుపెట్టని పవిత్రారణ్యంగా దానిని లోకానికి చూపించారు. నిజానికి వేల సంవత్సరాలుగా అక్కడ మనుషులు తిరిగారు, వేటాడారు, రాతి పనిముట్లు చేసుకున్నారు. కొండగొర్రెలను వేటాడి బతికే షోషోనీ తెగవారు అక్కడే నివసించేవారు. ఉద్యానవనం ఏర్పడిన కొద్ది సంవత్సరాలలోనే వారిని దూరంగా ఉన్న ఆదివాసీ స్థావరాలకు తరలించారు. పైగా, ఆదివాసులు వేడినీటి ఊటలకు భయపడి ఆ చాయలకే రారన్న కట్టుకథ కూడా ప్రచారంలోకి వచ్చింది. ఇంటివారిని వెళ్లగొట్టి, ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీయేనని చెప్పడం వంటిది ఇది.

యోసెమిటీ లోయలోనూ అదే జరిగింది. 1851లో సాయుధ దళం లోయలోకి ప్రవేశించి ఆదివాసుల పల్లెలను తగులబెట్టింది. తరువాతి కాలంలో లోయలో మిగిలిన కొద్ది కుటుంబాల ఇళ్లు కూడా 1960ల చివరికి నేలమట్టమయ్యాయి. ఈనాడు అక్కడ గుడారం వేసి నక్షత్రాలను చూసి పరవశించే దంపతులలో ఎందరికి తాము పడుకున్న నేల ఒకనాటి పల్లె అన్న సంగతి తెలుస్తుంది?

ఈ అన్యాయాన్ని కొంతవరకైనా సరిదిద్దిన ఉదాహరణలు లేకపోలేదు. గ్రాండ్ కాన్యన్ ప్రాంతంలో తరతరాలుగా నివసించిన హవాసుపాయ్ తెగకు 1975లో చట్టం ద్వారా సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి దక్కాయి. కెనడా పశ్చిమ తీరంలోని గ్వాయ్ హానాస్ ద్వీప సముదాయాన్ని 1993 నాటి ఒప్పందం ప్రకారం హైడా ప్రజలు, కెనడా ప్రభుత్వం సమానంగా కలిసి నిర్వహిస్తున్నారు. అక్కడి ప్రాచీన గ్రామ స్థలాలకు హైడా కాపలాదారులు ఉంటారు. పడవలో వచ్చిన యాత్రికుడు ముందుగా రేడియోలో వారిని పలకరించి, రమ్మన్న తరువాతే ఒడ్డున అడుగుపెట్టాలి. లోపల ఇతర అతిథులుంటే పడవలోనే వేచి ఉండాలి.

ఇతరుల ఇంటి ముందు నిలబడి, సలాం చేసి, అనుమతి దొరికితేనే లోపలికి వెళ్లాలన్నది మన కుటుంబాలలో పిల్లలకు తొలినాళ్లలోనే నేర్పే మర్యాద. జవాబు రాకపోతే నొచ్చుకోకుండా వెనుదిరగాలని కూడా నేర్పుతాము. హైడా ద్వీపాలలో ఆ మర్యాదను ఒక అడవికి, ఒక తీరానికి వర్తింపజేశారు. తలుపు కనిపించకపోయినా అడవికీ ఒక గుమ్మం ఉంటుంది.

మన అడవులలో ఒక జంట

ఈ గుమ్మాన్ని గుర్తించి మసలుకున్న ఒక జంట మన తెలుగు నేలపై జీవించింది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రం చదివి, 1936, 37 సంవత్సరాలలో ఈశాన్య భారతంలోని నాగా కొండలలో పరిశోధన చేశారు. 1938లో బెట్టీ అని అందరూ పిలిచే ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడారు. మరుసటి సంవత్సరం ఇద్దరూ భారతదేశానికి వచ్చారు. అంతలోనే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకున్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ పాలకుల దృష్టిలో ఆయన శత్రుదేశీయుడయ్యాడు. చివరకు నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యం ఎల్లలు దాటి పోరాదన్న షరతుతో ఆయనను వదిలారు.

మరొకరైతే ఆ నిర్బంధాన్ని తలచుకొని కుమిలిపోయేవారు. ఈ దంపతులు మాత్రం తమకు మిగిలిన ఆ రాజ్యంలోనే అడవుల దారి పట్టారు. నిజాం ప్రభుత్వం వారి పరిశోధనకు అండగా నిలిచింది. తొలుత నల్లమల, తరువాత గోదావరి కొండలు, ఆపైన ఆదిలాబాద్. యుద్ధకాలమంతా వారి కాపురం చాలావరకు డేరాలలోను, పూరిపాకలలోను సాగింది.

ఈ మూడు ప్రాంతాలను ఈనాటి పటంలో చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. నల్లమలలో వారు తిరిగిన నేల ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. గోదావరి కొండలలో 2008 నుంచి పాపికొండల జాతీయ ఉద్యానవనం ఉంది. ఆదిలాబాద్ అడవులలో 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ప్రకటితమైంది. అమెరికా దంపతులు ఉద్యానవనాలుగా మారిన అడవులలో తిరిగితే, ఈ జంట ఉద్యానవనాలు కాకముందు, అవి ఇంకా మనుషుల ఇళ్లుగానే ఉన్న కాలంలో మన అడవులను చూసింది.

నల్లమల నుంచి గోదావరికి

1940లో వారు అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల మధ్యకు వెళ్లారు. చెంచుల మాట తెలుగే. దుంపలు తవ్వుకొని, తేనె తీసి, విల్లంబులతో వేటాడి బతికే వారి చిన్న చిన్న గూడేలు రుతువును బట్టి కదిలేవి. పైనుంచి చూసేవారికి అది యజమాని లేని అడవి. దగ్గర నివసించిన ఈ దంపతులకు మరో సంగతి తెలిసింది. ఏ కొండ ఏ సముదాయానిది, ఎవరి పరిధి ఎంతవరకు అన్నది చెంచులకు స్పష్టంగా తెలుసు. కాగితం మీద గీత లేకపోయినా మనసులో గీత ఉంది. హైమన్‌డార్ఫ్ సూచనల ఫలితంగా నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. ఆయన రాసిన ‘ది చెంచూస్’ గ్రంథం 1943లో వెలువడింది.

1941లో వారి మకాం గోదావరి ఒడ్డున కొండరెడ్ల పల్లెలకు మారింది. పాపికొండల పరిసరాలలో పోడు చేసుకొని జొన్నలు, చిరుధాన్యాలు పండించుకునే కొండరెడ్లు అప్పటికే వెదురు, కలప వ్యాపారుల గుప్పిట్లో చిక్కుకున్నారు. అప్పు, కూలి, మళ్లీ అప్పు. అడవి వారిదే అయినా అడవి ఫలం వారిది కాకుండా పోయింది. ఆ బతుకును వివరించే ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో అచ్చయింది. ఈనాడు పర్యాటకుల పడవలు తిరిగే ఆ నదీతీరంలో అనేక కొండరెడ్డి, కోయ గ్రామాలు పోలవరం జలాశయం ముంపులో ఉన్నాయి. పడవలో కూర్చొని కొండల అందాన్ని ఫొటో తీసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవడం న్యాయం.

మార్లవాయిలో ఒక పాక

ఆదిలాబాద్ అడవులలో వారు చూసినది మరింత బాధాకరమైన స్థితి. తరతరాలుగా గోండులు దున్నుకున్న భూములకు వారి పేరిట పట్టాలు లేవు. బయటినుంచి వచ్చినవారు పట్టాలు సంపాదించారు. రిజర్వు అడవి సరిహద్దులు పల్లెల మీదుగా గీశారు. మేతకు పన్ను, కట్టెకు పన్ను, అటవీ సిబ్బంది వేధింపులు. ఈ అన్యాయంపై తిరగబడిన కుమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద ప్రభుత్వ దళాల కాల్పులలో నేలకొరిగాడు. ఆ తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవలసిన అవసరం పాలకులకు అప్పుడు కలిగింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ముందు భీం నెత్తురు చిందింది, తరువాతే ప్రభుత్వం కాగితాలు కదిలాయి. ఈ వరుసను మరచిపోరాదు.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు పల్లెను తమ నివాసంగా ఎంచుకున్నారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. అక్కడ మట్టి గోడలతో, గడ్డి కప్పుతో వేసుకున్న పాక వారి ఇల్లయింది. గోండీ భాష నేర్చుకున్నారు. పండుగలలో పాల్గొన్నారు. ఊరి పెద్ద లచ్చు పటేల్‌తో ఏర్పడిన స్నేహం ఎంత గాఢమైనదంటే, తరువాతి కాలంలో తమ కుమారుణ్ని ‘లచ్చు’ అన్న ముద్దుపేరుతో పిలుచుకున్నారు.

అతిథి మర్యాద మూడు రోజులని మన పెద్దలు చెబుతారు. అంతకు మించి ఉండిపోయే అతిథి ఇంటివారికి భారం కాకూడదన్నది అందులోని ధర్మం. ఏళ్ల తరబడి ఉండిపోయిన ఈ అతిథులు ఆ ధర్మాన్ని ఎలా పాటించారు? 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్రం మొదలైంది. బయటినుంచి ఉపాధ్యాయులను తేవడానికి బదులు, కొద్దిపాటి అక్షరజ్ఞానం ఉన్న గోండు యువకులనే తీర్చిదిద్ది బడులకు పంపారు. పిల్లలకు సొంత భాషలోనే తొలి పాఠాలు అందాలని గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు. 1945లో హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితులయ్యారు. ఆదిలాబాద్ గిరిజన కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా భూమి పట్టాలతో దక్కింది. సేతు మాధవరావు పగడి వంటి, గోండీ నేర్చిన అధికారులు ఆ పనికి చేయూతనిచ్చారు. గిరిజన ప్రాంతాల రక్షణకు 1946లో, ఫస్లీ 1356 నాటి నిబంధనగా ప్రత్యేక శాసనం వచ్చింది.

పుస్తకం రాసుకొని వెళ్లిపోయే అవకాశం వారికి ఉంది. చాలామంది పరిశోధకులు చేసేది అదే. తాము చూసిన కష్టానికి తమ బాధ్యత కూడా ఉందని ఈ దంపతులు భావించారు. తిన్న ఉప్పుకు విశ్వాసం చూపడమంటే ఇదే.

బెట్టీ చేసిన పని

ఇటువంటి కథలలో భర్త పేరు పుస్తకాల అట్టలపై నిలుస్తుంది, భార్య పేరు ముందుమాటలోని కృతజ్ఞతలలో ఆగిపోతుంది. బెట్టీ విషయంలో అంత అన్యాయం జరగలేదు. 1948లో వచ్చిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంపై ఆమె సహకారంతో రాసినదన్న మాట అచ్చయి ఉంది. 1979 నాటి ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ కూడా ఇద్దరి కృషే. దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నిటి వివరాలను ఒక్కచోట కూర్చిన విస్తృత గ్రంథసూచిని ఆమె స్వయంగా రూపొందించారు. దాని తొలి సంపుటం 1958లో వెలువడింది. పరిశోధకులకు దారిదీపం వంటి ఆ పనికి ఎంత ఓర్పు కావాలో గ్రంథాలయాలలో కూర్చున్నవారికి తెలుసు.

అరణ్య వాసంలో ఆమె పాత్ర ఏ మాత్రం తక్కువది కాదు. పరాయి పురుషుడు ఒంటరిగా వచ్చి ఊరి చివర డేరా వేస్తే ఏ పల్లె అయినా అనుమానంగా చూస్తుంది. భార్యతో కలిసి వచ్చి, అక్కడే వండుకొని, అక్కడే జబ్బుపడి కోలుకునే మనిషిని సంసారిగా గుర్తిస్తుంది. దంపతుల ప్రయాణానికి ఉన్న బలం ఇది. ఇద్దరు కలిసి వెళ్లినప్పుడు వారు ఎదుటివారికి ఒక కుటుంబంగా కనబడతారు. కుటుంబాన్ని కుటుంబం తేలికగా అర్థం చేసుకుంటుంది.

తరువాత హైమన్‌డార్ఫ్ లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 1953 నుంచి నేపాల్ హిమాలయాలలో షెర్పాల మధ్య పరిశోధన సాగించారు. ఇన్ని దేశాలు తిరిగినా ఆ దంపతులు తెలుగు అడవులను మరవలేదు.

మళ్లీ వచ్చి చూసిన చూపు

1976లో పదవీ విరమణ చేసిన తరువాత వారు తమ పాత మకాములకు తిరిగి వచ్చి, మారిన స్థితిగతులను నమోదు చేశారు. చూసినవి సంతోషం కలిగించేవి మాత్రమే కావు. చదువుకొని ఉద్యోగాలు సంపాదించిన గోండు యువకులు కనిపించారు. అదే సమయంలో, 1940లలో పట్టాలతో దక్కిన భూములు చాలాచోట్ల మళ్లీ బయటివారి చేతుల్లోకి జారిపోవడమూ కనిపించింది. గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1959 నాటి నిబంధన, దానిని బిగించిన 1970 నాటి సవరణ ఉన్నా ఆ ప్రవాహం ఆగలేదు. ఆ ఆవేదన 1982లో వెలువడిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ గ్రంథంలో నిండి ఉంది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక మేరకు మార్లవాయిలోనే సమాధి చేశారు. నలభై తొమ్మిదేళ్ల దాంపత్యం అక్కడ ఆగింది. 1995లో హైమన్‌డార్ఫ్ లండన్‌లో మరణించారు. కొన్నేళ్ల తరువాత ఆయన అస్థికలు కూడా మార్లవాయి చేరి, భార్య పక్కనే భూమిలో కలిశాయి. ప్రతి సంవత్సరం జనవరి 11న గోండులు అక్కడ గుమిగూడి వారిని స్మరించుకుంటారు. అతిథులుగా వచ్చినవారిని ఊరు తన మనుషులుగా స్వీకరించిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

లంబసింగి దారి చెప్పే కథ

ఇప్పుడు మన ముంగిటి కొండలవైపు మళ్లీ చూద్దాము. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఎక్కే ఘాట్ రోడ్డు మనకు ఆహ్లాదకరమైన మలుపుల దారి. దానికి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో ఆ కొండదారుల నిర్మాణంలో గిరిజనులచేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టిచాకిరి చేయించారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే వారి పోడును, అడవిపై వారి అధికారాన్ని కుదించింది. ఈ కడుపుమంట నుంచే అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరుగుబాటు పుట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడితో అది మొదలైంది. 1924లో కాల్పులకు బలైన రాజు సమాధి కృష్ణదేవిపేటలో, నేటి అనకాపల్లి జిల్లాలోనే ఉంది. మేఘాలను చూడడానికి ఆ దారిన పోయేవారిలో ఎందరు అక్కడ ఒక్క క్షణం ఆగుతున్నారు?

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఒకే రోజు ఏర్పడ్డాయి. మైదానం ఒక జిల్లా, మన్యం మరొక జిల్లా. లంబసింగి, వంజంగి, అరకు రెండవ జిల్లాలో ఉన్నాయి. ఆ మన్యం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద రక్షణ పొందిన ప్రాంతం. అక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదు. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ మాటకు విలువనిచ్చింది. వన్యప్రాణుల రక్షణ కోసం హక్కుదారులను తరలించవలసి వచ్చినా, గ్రామసభ స్వేచ్ఛాయుత సమ్మతి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. అంటే చట్టం కూడా ఆ కొండలకు ఒక గుమ్మం ఉందని ఒప్పుకుంది.

అతిథిగా మసలుకోవడం

ప్రయాణం మానుకోవాలని ఎవరూ అనరు. హైమన్‌డార్ఫ్ దంపతులలా ఏళ్ల తరబడి అడవిలో ఉండడం అందరికీ సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. ఒక్క రాత్రి ఉన్నా అతిథిగా ఉండవచ్చు. పదేళ్లున్నా ఆక్రమణదారుగా ఉండవచ్చు. తేడా మన నడతలో ఉంది.

డేరా అద్దెకిచ్చేవారిని ఆ స్థలం ఎవరిదని అడగడం మొదటి మర్యాద. ఆ సొమ్ములో కొంతైనా ఆ ఊరి గిరిజన కుటుంబానికి చేరుతున్నదా లేదా అన్నది రెండవ ప్రశ్న. మారేడుమిల్లిలో స్థానిక వన సంరక్షణ సమితుల ఆధ్వర్యంలో నడిచే వసతుల వంటివి ఉన్నచోట వాటిని ఎంచుకోవడం మేలు. భోజనం, కాఫీ, తేనె, పసుపు, పండ్లు ఊరివారి వద్దనే కొనాలి. బేరం ఆడేటప్పుడు, ఆ మహిళ ఆ బుట్టను ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో ఒకసారి తలచుకోవాలి.

మన ఇంటి ఆడవారిని ఎవరో అపరిచితుడు అడగకుండా ఫొటో తీస్తే మనం సహించము. కొండమీది ఆడపడుచు గౌరవం కూడా అంతటిదే. అనుమతి లేనిదే కెమెరా ఎత్తరాదని పిల్లలకు ముందుగానే చెప్పాలి. రాత్రి సౌండుబాక్సులు మోగించడం, టపాసులు కాల్చడం పొద్దున్నే పొలానికి వెళ్లవలసిన వారి నిద్రను దొంగిలించడమే. పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదన్న మాట మన ఇళ్లలో తరతరాలుగా వింటున్నాము. ఆ ఏటి దిగువన ఒక పల్లె అదే నీటిని తాగుతుందన్న ఎరుక ఉంటే, సబ్బు నురగ, ప్లేట్ల ఎంగిలి ఏటిలో కలవవు. తెచ్చిన చెత్తను సంచిలో కట్టి కిందికి తెచ్చుకోవడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

పిల్లలకు ఒక పని అప్పగించవచ్చు. వెళ్లే ముందు ఆ ఊరి పేరు, అక్కడ నివసించే తెగ పేరు, వారి భాష, వారి పంట తెలుసుకొని రమ్మనండి. బగత, కొండదొర, వాల్మీకి, కోందు అన్న పేర్లు పాఠ్యపుస్తకంలోని జాబితాగా ఉన్నంతకాలం వారికి బోధపడవు. ఆ పేరుగల ఒక మనిషి టీ అందించి, పేరు పెట్టి పలకరించినప్పుడు బోధపడతాయి. కొండ దిగే ముందు ఆ కుటుంబానికి కృతజ్ఞత చెప్పి, సెలవడిగి బయలుదేరడం పిల్లలు ఒక్కసారి చూస్తే చాలు. ఆ తరువాత ఏ అడవికి వెళ్లినా, ఎవరిని అడిగి డేరా వేయాలో వారే వెదుక్కుంటారు.